పెద్ద కిట్టే మంచి కిట్టన్న మాట తప్పు

ఎలక్ట్రానిక్స్‌లో కొత్తగా చేయిపెట్టేవాళ్లకు మొట్టమొదట దొరికే సలహా ఒకటుంది: ‘ఎక్కువ విలువలున్న పెద్ద రెసిస్టర్ కిట్టు ఒకటి కొనిపడెయ్, మళ్లీ రెసిస్టర్ కోసం దుకాణం మెట్లెక్కే పని ఉండదు.’ కాలేజీ ల్యాబుల్లో సీనియర్లు ఇదే చెబుతారు. యూట్యూబ్ పాఠాల్లో ఇదే వినిపిస్తుంది. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో కౌంటర్ ముందు నిలబడ్డ ఇంజినీరింగ్ విద్యార్థికి పక్కనున్న మిత్రుడు చెప్పేదీ ఇదే. అందరి నోటా నానిన మాట కావడంతో దాన్ని లెక్కగట్టి చూసేవాళ్లు లేకుండా పోయారు. లెక్కగడితే అది నిలవదు.

ముందు ఆ వాదాన్ని దాని బలం తగ్గించకుండా చెప్పుకోవాలి. ఏ ప్రాజెక్టుకు ఏ విలువ కావాల్సి వస్తుందో ముందుగా తెలియదు, అందుకని అన్నీ దగ్గరుంటే మేలు అన్నది మొదటి మాట. కిట్టులో కొంటే ఒక్కో రెసిస్టర్ బాగా చవగ్గా పడుతుందన్నది రెండోది. ఇప్పటి కిట్లలో వచ్చేవి 1 శాతం మెటల్ ఫిల్మ్ రకాలు కాబట్టి కచ్చితత్వం ఉంటుందన్నది మూడోది. పావు వాటు సామర్థ్యం అభిరుచి పనులన్నిటికీ చాలన్నది నాలుగోది. విలువలు రాసిన పట్టీలతో అన్నీ సర్ది వస్తాయి గనక నేర్చుకునేవాళ్లకు సులువన్నది ఐదోది.

వీటిలో ఏదీ కొట్టిపారేయాల్సిన మాట కాదు. రాత్రి పదకొండింటికి ప్రాజెక్టు మధ్యలో ఒక్క రెసిస్టర్ లేక పని ఆగిపోయినవాళ్లు చెప్పిన సలహా ఇది. ఆ కష్టం నిజం. దానికి సూచించిన మందే తప్పు. ఆ మందు వేసుకున్నవాళ్లకు అదే కష్టం మళ్లీ వస్తుంది. ఎందుకో ఒక్కొక్కటిగా చూడాలి.

1. పెట్టె మీది అంకె దేన్నీ కొలవదు

కిట్టు పెట్టె మీద అన్నిటికన్నా పెద్దగా అచ్చయ్యేది మొత్తం ముక్కల సంఖ్య. 600 అని ఉంటుంది. అది 30 విలువలు, ఒక్కోటి 20 చొప్పున కావచ్చు. 60 విలువలు, ఒక్కోటి 10 చొప్పున కావచ్చు. పైకి కనిపించే అంకె ఒకటే, చేతికందే సరుకు మాత్రం వేరు. పెద్ద కిట్టు వాదం ఎప్పుడూ రెండోదాన్నే మెచ్చుకుంటుంది. విలువలు ఎక్కువ ఉన్నాయి కదా అంటుంది.

పని ఎలా నడుస్తుందో చూస్తే సంగతి తిరగబడుతుంది. ఆర్డ్యునోతో ఎనిమిది ఎల్‌ఈడీలు వరసగా వెలిగించడం దాదాపు ప్రతి కొత్తవారూ చేసే ప్రాజెక్టు. ఒక్కో ఎల్‌ఈడీకి ఒక 330 ఓమ్ రెసిస్టర్ కావాలి. అంటే ఒకే విలువవి ఎనిమిది. సెవెన్ సెగ్మెంట్ డిస్‌ప్లేలో ఒక్క అంకె వెలిగించడానికి, చుక్కతో కలిపి, ఇంకో ఎనిమిది. ఐదు ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు సొంతంగా కట్టుకుని లైన్ ఫాలోయర్ రోబో చేస్తే ఎల్‌ఈడీల వైపు 220 ఓమ్‌లవి ఐదు, ఫోటోడయోడ్ల వైపు 10కె ఐదు. బటన్‌కు 10కె. ఎల్‌డీఆర్‌కు జతగా 10కె. డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్‌కు 4.7కె. ఐటూసీ లైన్లకు 4.7కె రెండు. బీసీ547 ట్రాన్సిస్టర్ బేస్‌కు 1కె. ఎన్ని ప్రాజెక్టులు మారినా మళ్లీ మళ్లీ వచ్చేవి ఈ నాలుగైదు విలువలే.

నెల సరుకుల్లో బియ్యాన్నీ జాజికాయనూ ఒకే తూకం కొనేవాళ్లు ఎవరూ ఉండరు. కిట్టు చేసేది సరిగ్గా అదే: ప్రతి పనిలోనూ కావాల్సిన 10కెకు పది, ఏడాదికోసారి కూడా అక్కరపడని 8.2 ఓమ్‌లకూ పది.

దీన్ని ఒక్క ఉదాహరణలో తేల్చేయవచ్చు. డిజిటల్ అంకెను అనలాగ్ వోల్టేజీగా మార్చడానికి విద్యార్థులు కట్టే ఆర్-టూఆర్ నిచ్చెన ఉంది. ఎనిమిది బిట్లకు కడితే ఒక విలువవి ఏడు, దానికి రెట్టింపు విలువవి తొమ్మిది కావాలి. 10కె, 20కె రెండూ పదేసి ఉన్న కిట్టుతో ఒక నిచ్చెన పూర్తవుతుంది. ఆ తర్వాత 10కె మూడు, 20కె ఒకటి మిగులుతాయి. స్టీరియో కోసం రెండో నిచ్చెన కట్టాలంటే దుకాణానికి వెళ్లాల్సిందే. 10కె వంద ముక్కల పట్టీ ఒక్కటి మాత్రమే ఉన్నవారి సంగతి వేరు. రెండేసి 10కెలను వరసగా కలిపి 20కెగా వాడుకుంటే ఒక నిచ్చెనకు 25 ముక్కలు పడతాయి. అంటే ఒకే విలువతో నాలుగు నిచ్చెనలు కట్టుకోవచ్చు.

‘మళ్లీ దుకాణానికి వెళ్లక్కర్లేదు’ అన్న హామీ ఇక్కడే వీగిపోతుంది. పెద్ద కిట్టు కొన్నవాళ్లకు మొదట అయిపోయేవి అన్నిటికన్నా ఎక్కువ అవసరమైనవే. మిగిలేవి అక్కర్లేనివి. ముక్క ధర చవకన్న లెక్క కూడా ఇందులోనే కొట్టుకుపోతుంది. వాడే కొద్ది విలువల కోసం అరవైకి డబ్బు చెల్లించినప్పుడు, అసలు ధరను వాడిన ముక్కల మీదే పంచి చూడాలి. అలా చూస్తే విడిగా వంద చొప్పున కొన్న పట్టీయే చవక.

2. ఆ జాబితా అవసరాలు చూసి వేసింది కాదు

‘అన్ని విలువలూ ఉంటాయి’ అనేవాళ్లు జాబితా తెరిచి చదవాలి. బజారులోనూ ఆన్‌లైన్‌లోనూ తరచుగా కనిపించే 30 విలువల, 600 ముక్కల కిట్టులో ఉండేవి ఇవి: 10, 22, 47, 100, 150, 200, 220, 270, 330, 470, 510, 680 ఓమ్‌లు, 1, 2, 2.2, 3.3, 4.7, 5.1, 6.8, 10, 20, 47, 51, 68, 100, 220, 300, 470, 680 కిలో ఓమ్‌లు. చివర 1 మెగా ఓమ్.

ఇందులో 200, 220 పక్కపక్కనే ఉన్నాయి. 470, 510 అంతే. 2కె, 2.2కె అంతే. 4.7కె, 5.1కె, మళ్లీ 47కె, 51కె. ఐదు జంటలు, ప్రతి జంటలోనూ తేడా సుమారు 8 నుంచి 10 శాతం. 5 వోల్టుల మీద ఎర్ర ఎల్‌ఈడీ వెలిగిస్తే 200 ఓమ్‌లతో 15 మిల్లీయాంపులు, 220తో 13.6 మిల్లీయాంపులు పారుతాయి. ఈ తేడాను ఏ కన్నూ పట్టుకోలేదు. 5 శాతం రకం రెసిస్టర్లలోనైతే పైకి పోయిన 200 కిందికి దిగిన 220ని దాటిపోతుంది: మొదటిది 210 దాకా ఉండొచ్చు, రెండోది 209కి తగ్గొచ్చు.

ఇప్పుడు ఖాళీలు చూడాలి. 10కె తర్వాత 20కె, ఆ తర్వాత ఒక్కసారిగా 47కె. 15కె లేదు, 22కె లేదు, 33కె లేదు. 1కెకూ 2కెకూ మధ్య ఏమీ లేదు. 100కెకూ 220కెకూ మధ్య ఏమీ లేదు. ఒకచోట దాదాపు ఒకే పని చేసే విలువలు రెండేసి, ఇంకోచోట రెట్టింపుకు మించిన ఎడం. టైమింగ్ సర్క్యూట్లో 30కె ప్రాంతంలో విలువ కావాల్సినవారికి ఈ పెట్టెలో ఒక్క రెసిస్టరూ నేరుగా పనికిరాదు.

30 అన్న సంఖ్య పరిధిని చెప్పదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. పది అరలు ఐదు పనులకు ఖర్చయ్యాయి. కొనేవాళ్లు మాత్రం 30 విలువలు దొరికాయనే అనుకుంటారు.

3. ‘అన్ని విలువలూ’ అన్నవి లేనే లేవు

ఎక్కువ విలువల కిట్టు కొంటే ఈ ఖాళీలు పోతాయి కదా అని అడగొచ్చు. ఎంత ఎక్కువ అన్నది ఇక్కడ ప్రశ్న. రెసిస్టర్ల ప్రామాణిక విలువల శ్రేణుల్లో ఒకటైన ఈ-24లో 1 ఓమ్ నుంచి 10 మెగా ఓమ్‌ల వరకు లెక్కిస్తే 169 విలువలు. ఈ-96 శ్రేణిలో అదే పరిధికి 673. ఈ-192 కూడా ఉంది. ‘ఏది కావాల్సి వస్తుందో తెలియదు, అన్నీ ఉండాలి’ అన్న తర్కాన్ని చివరిదాకా లాగితే ఏ కిట్టూ చాలదు. ఎక్కడో ఒకచోట ఆపాలి. ఎక్కడ ఆపాలో చెప్పే సూత్రం పెద్ద కిట్టు వాదంలో లేదు.

ఆ సూత్రం రెసిస్టర్ విలువల పుట్టుకలోనే ఉంది. 1870లలో ఫ్రెంచి సైన్యంలో ఇంజినీరుగా ఉన్న చార్లెస్ రెనార్, బెలూన్లకు వాడే తాళ్లలో 425 సైజులు నిల్వ ఉండటం చూసి, ఒకదాన్నుంచి ఒకటి సమాన నిష్పత్తిలో పెరిగే 17 సైజులకు వాటిని కుదించాడు. నేటి రెసిస్టర్ల ఈ-శ్రేణులు నడిచేదీ ఆ దారినే. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1952లో వాటిని ప్రమాణంగా ప్రచురించింది. రకాలు తగ్గించి, మిగిలిన కొద్దిటితోనే పని జరిపించడం ఆ ఆలోచనకు ప్రాణం. దాన్ని తలకిందులు చేసి, శ్రేణిలో ఉన్నవన్నీ ఇంట్లో ఉండాలనడం శ్రేణి ఎందుకుందో మరిచిపోవడమే.

ఈ-6లో ప్రతి దశకానికి, అంటే విలువ పదింతలయ్యే ప్రతి పరిధికి, ఆరు విలువలు: 1, 1.5, 2.2, 3.3, 4.7, 6.8. ఈ-12లో పన్నెండు. కావాల్సిన విలువ ఏదైనా ఈ-12లో దానికి దగ్గరది ఎంచుకుంటే తేడా 10 శాతానికి అటూ ఇటూగానే ఉంటుంది. పుల్-అప్, ఎల్‌ఈడీ, ట్రాన్సిస్టర్ బేస్, బటన్ వంటి పనులకు ఆ తేడా లెక్కలోకే రాదు. అంతకన్నా దగ్గరగా కావాలంటే రెండు రెసిస్టర్లు కలిపితే చాలు. ఇది ఇంటర్మీడియట్ ఫిజిక్స్‌లో అందరూ చదివిందే, బ్రెడ్‌బోర్డు ముందుకొచ్చేసరికి చాలామంది మరిచిపోతున్నారు.

220కి 22 వరసగా కలిపితే 242. ఎల్‌ఎమ్317 డేటాషీట్లో కనిపించే 240 ఓమ్‌లకు ఒక్క శాతం లోపు తేడా. 100కు 22 కలిపితే 122, ఆర్‌ఎస్-485 లైను చివర పెట్టే 120కి అది చాలు. 4.7కె, 2.2కె వరసగా కలిపితే 6.9కె. 10కె, 4.7కె కలిపితే 14.7కె, అంటే 15కె అనుకోవచ్చు. 22కె, 10కె కలిపితే 32కె. రెండు 10కెలు సమాంతరంగా 5కె, రెండు 1కెలు సమాంతరంగా 500 ఓమ్‌లు. పై జాబితాలో లేని 15కె, 33కె ఖాళీలు కూడా ఇలా నిండిపోతాయి. అయితే ఇందుకు ఒక షరతుంది: ఉన్న విలువలు రెండేసి మూడేసి వాడటానికి సరిపడా సంఖ్యలో ఉండాలి. పదేసి ఉన్న కిట్టు ఈ దారి మూసేస్తుంది, వందేసి ఉన్న పట్టీ తెరుస్తుంది.

4. ఒక్క శాతం కచ్చితత్వం ఎక్కడ పోతోందో చూడాలి

1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ మంచి సరుకే. కార్బన్ ఫిల్మ్ కన్నా నాయిస్ తక్కువ, వేడికి విలువ మారడం తక్కువ. ధరలో తేడా కూడా ఇప్పుడు పెద్దగా లేదు. కొనుక్కోవచ్చు, అభ్యంతరం ఏమీ లేదు. ‘1 శాతం’ అన్న అక్షరాలు చూసి ఆ కిట్టు సర్క్యూట్‌కు కచ్చితత్వం తెచ్చిపెడుతుందనుకోవడం దగ్గరే అభ్యంతరం.

ఎల్‌ఎమ్317 రెగ్యులేటర్‌నే తీసుకుంటే, దాని లోపలి రిఫరెన్స్ 1.25 వోల్టులు. డేటాషీట్ ప్రకారం అది 1.20 నుంచి 1.30 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, అంటే అటూ ఇటూ 4 శాతం. 5 వోల్టుల కోసం కట్టిన సర్క్యూట్లో రెసిస్టర్లు దోషం లేనివైనా అవుట్‌పుట్ 4.8 నుంచి 5.2 దాకా రావచ్చు. ఆర్డ్యునో ఊనో యూఎస్‌బీ మీద నడుస్తుంటే దాని అనలాగ్ కొలతకు ఆధారం ఆ యూఎస్‌బీ వోల్టేజీయే. ప్రమాణం దానికి 4.75 నుంచి 5.25 దాకా వెసులుబాటు ఇస్తుంది. 555 టైమర్‌కు జతచేసే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ సాధారణంగా అటూ ఇటూ 20 శాతం. ఒకే రకం ఎల్‌డీఆర్‌లలోనే, ఒకే వెలుతురులో, ఒకదానికీ ఇంకోదానికీ రెట్టింపు తేడా ఉండొచ్చని డేటాషీట్లే చెబుతాయి. ఇన్ని వదులు భాగాల మధ్య రెసిస్టర్ ఒక్కటి 1 శాతమైతే ఒరిగేదేమిటి?

నిజంగా కచ్చితత్వం కావాల్సిన చోటుకు వెళ్తే వాదం ఇంకా బలహీనపడుతుంది. ఒక ఆప్-ఆంప్, నాలుగు సమాన రెసిస్టర్లతో కట్టే డిఫరెన్స్ ఆంప్లిఫయర్‌లో రెండు తీగల మీద ఉమ్మడిగా వచ్చే రొదను తీసేసే శక్తి ఆ నాలుగు రెసిస్టర్లు ఒకదానితో ఒకటి ఎంత సరిపోలితే అంత. 1 శాతం రకాలతో, తేడాలన్నీ ఎదురుపడ్డప్పుడు, అది 34 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోవచ్చు. ఏ బయోసిగ్నల్ ప్రాజెక్టుకూ అది చాలదు. దీనికి కిట్టు దగ్గర జవాబు లేదు, వంద ముక్కల పట్టీ దగ్గర ఉంది. ఒకే పట్టీలోంచి ఇరవై ముప్ఫై రెసిస్టర్లను మల్టీమీటర్‌తో కొలిచి, దాదాపు ఒకే అంకె చూపిన నాలుగింటిని ఏరుకోవచ్చు. మీటరు సొంత లోపం అన్నిటి మీదా ఒకేలా పడుతుంది కాబట్టి సరిపోల్చడానికి అది అడ్డు రాదు. పదింటిలోంచి ఏరడం కన్నా వందలోంచి ఏరడంలో మంచి జత దొరికే అవకాశం ఎక్కువ. కచ్చితత్వం కోసమైనా కావాల్సింది ఒకే విలువలో నిల్వే.

5. పావు వాటు అన్నిటికీ చాలదు

పెద్ద కిట్టు వాదంలోని ఐదు మాటల్లో నిజంగా ప్రమాదం ఉన్నది పావు వాటు చాలన్న మాట. రెసిస్టర్‌లో పుట్టే వేడి వోల్టేజీ వర్గాన్ని విలువతో భాగిస్తే వస్తుంది. పావు వాటు పరిమితికి లెక్కవేస్తే, 5 వోల్టులను నేరుగా భరించే అతి చిన్న రెసిస్టర్ 100 ఓమ్‌లు. 9 వోల్టులకు 324. 12 వోల్టులకు 576. 24 వోల్టులకు 2300 పైచిలుకు. ఇవి అంచు విలువలు. జాగ్రత్త తెలిసినవాళ్లు అందులో సగం భారమే వేస్తారు, అంటే 12 వోల్టుల మీద 1.2కెకు తగ్గనివ్వరు.

కిట్టులో మరి 10, 22, 47 ఓమ్‌లు ఉంటాయి. అవి ఎందుకో, ఎక్కడ వాడకూడదో పెట్టె చెప్పదు. సప్లై ఎంత కరెంటు ఇస్తుందో చూద్దామని కొత్తవారొకరు 10 ఓమ్‌ల ముక్కను 5 వోల్టుల మీద పెడితే దాని మీద 2.5 వాట్లు పడతాయి, సామర్థ్యానికి పది రెట్లు. పెయింటు నల్లబడి, పొగ వచ్చి, వేలు కాలుతుంది. ఆ పనికి కావాల్సింది 5 వాట్ల సిమెంట్ రెసిస్టర్ ఒకటి. 600 ముక్కల కిట్టులో అలాంటిది ఒక్కటీ ఉండదు.

ఇంటి కరెంటు దగ్గర ఇది ఇంకా తీవ్రం. 230 వోల్టుల మీద 1 మెగా ఓమ్ పెడితే వేడి లెక్క 0.05 వాటు దగ్గరే తేలుతుంది, చూడటానికి భద్రంగా ఉంటుంది. అయితే వాటుతో పాటు వోల్టేజీ పరిమితి కూడా ఒకటుంది. పావు వాటు కార్బన్ ఫిల్మ్ రకాలకు అది సాధారణంగా 250 వోల్టుల ప్రాంతంలో ఉంటుంది. మన ఇంటి కరెంటు శిఖర వోల్టేజీ 325. ‘అన్నిటికీ చాలు’ అని విన్నవాళ్లకు ఈ పరిమితి ఉందన్న సంగతే తెలియదు.

దీనికి తోడు చవక కిట్లలో పావు వాటు అని రాసి ఉన్నా ఒళ్లు చిన్నదిగా, కాళ్లు సన్నగా ఉండే ముక్కలు వస్తున్నాయి. మామూలు పావు వాటు రెసిస్టర్ ఒళ్లు 6 మిల్లీమీటర్లకు కాస్త పైన ఉంటుంది. దానిలో సగం పొడవున్నదాన్ని చూస్తే సామర్థ్యాన్ని అనుమానించాల్సిందే. సన్నని కాలు బ్రెడ్‌బోర్డు రంధ్రంలోకి దిగకుండా వంగిపోతుంది. దిగినా క్లిప్పు గట్టిగా పట్టుకోదు. సర్క్యూట్ ఒకసారి పనిచేసి, బోర్డు కదిలిస్తే ఆగిపోతుంది. తప్పు ప్రోగ్రామ్‌లో ఉందనుకుని గంటలకొద్దీ వెతికేవాళ్లు ఎందరో.

6. పట్టీలు సర్ది వచ్చేది మొదటి రోజుకే

నేర్చుకునేవాళ్లకు సులువన్న మాట కిట్టు తెరిచే వరకే నిజం. పట్టీలోంచి రెండు ముక్కలు కత్తిరించి వాడి, పని అయ్యాక తీసి పక్కన పెడితే వాటి మీద ఇక విలువ రాసి ఉండదు, రంగులే మిగులుతాయి. 1 శాతం రకాల మీద ఐదు పట్టెలు, నీలం ఒళ్లు. ఆ నీలం మీద గోధుమ, ఎరుపు, నారింజ రంగులు ట్యూబ్‌లైట్ వెలుతురులో ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి.

అసలు చిక్కు ఏ చివరనుంచి చదవాలన్నది. 220 ఓమ్‌ల 1 శాతం రెసిస్టర్ మీద వరస ఇది: ఎరుపు, ఎరుపు, నలుపు, నలుపు, గోధుమ. వెనకనుంచి చదివితే గోధుమ, నలుపు, నలుపు, ఎరుపు, ఎరుపు. అది 10కె, 2 శాతం. అన్నిటికన్నా ఎక్కువగా వాడే రెండు విలువలు ఒకదానికొకటి తిరగేసిన రూపాలుగా కనిపిస్తున్నాయన్నమాట. 10కె 1 శాతం రకాన్ని వెనకనుంచి చదివితే 120 ఓమ్‌లు వస్తుంది. చివరి పట్టె కాస్త ఎడంగా ఉండాలి గానీ, చవక సరుకులో ఆ ఎడం తెలియదు.

ఈ పొరపాటు ఎక్కడికి దారితీస్తుందో చూడండి. ఐటూసీ లైన్‌కు పుల్-అప్‌గా 10కె అనుకుని 220 పెడితే, 3.3 వోల్టుల మీద లైన్‌ను కిందికి లాగాల్సిన చిప్పు 13 మిల్లీయాంపులకు పైగా మింగాలి. ఆ ప్రమాణం మామూలు వేగాల్లో చిప్పుల నుంచి ఆశించేది 3 మిల్లీయాంపులే. ఆ లెక్కన పుల్-అప్ దాదాపు 970 ఓమ్‌లకు తగ్గకూడదు. సెన్సర్ జవాబివ్వదు. కొత్తవారు సెన్సర్ పాడైందనుకుని ఇంకోటి కొంటారు. బటన్ దగ్గర అదే పొరపాటు జరిగితే బటన్ చక్కగా పనిచేస్తుంది, తప్పు ఎప్పటికీ బయటపడదు. ఎల్‌ఈడీ దగ్గర 220 అనుకుని 10కె పెడితే అది మిణుకుమిణుకుమంటుంది, ఎల్‌ఈడీ పోయిందంటారు.

విలువలు పెరిగేకొద్దీ ఈ గందరగోళం పెరుగుతుంది. పద్నాలుగు విలువలు కలిసిపోతే పది నిమిషాల్లో ఏరుకోవచ్చు. అరవై కలిసిపోతే ఎవరూ ఏరరు, డబ్బా మూతపెట్టి కొత్తవి కొంటారు. పెద్ద కిట్టుకు పెట్టే డబ్బులో కొంత ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్ మీద పెడితే రంగుల సమస్యే ఉండదు. ప్రతి రెసిస్టర్‌నూ పెట్టేముందు కొలవడం అలవాటవుతుంది.

7. కొనాల్సింది ఇది

పెద్ద కిట్టు ఎవరికీ అక్కర్లేదని కాదు. రోజూ పది రకాల బోర్డులు చేతికొచ్చే రిపేరు పనివాళ్లకు, ఆడియో ఫిల్టర్లు డిజైన్ చేసేవాళ్లకు ఈ-24 విలువలు విస్తృతంగా కావాలి. వాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ సలహా మాత్రం వాళ్లకు కాకుండా మొదటి ఎల్‌ఈడీ వెలిగిస్తున్న విద్యార్థికి వెళ్తోంది. 2016 నుంచి మన బడుల్లో వస్తున్న అటల్ టింకరింగ్ ల్యాబుల్లాంటి చోట్ల ఇది ఇంకా పొసగదు. ముప్ఫైమంది పిల్లలు ఒకే రోజు ఒకే ప్రయోగం చేస్తారు. వాళ్లకు ఒకే విలువవి వందలు కావాలి, అరవై విలువలవి పదేసి కాదు.

అదే 600 ముక్కలతో ఇలా సర్దుకోవచ్చు. 330 ఓమ్‌లు, 1కె, 4.7కె, 10కె: ఈ నాలుగూ ఒక్కోటి వంద. 22, 100, 220, 470 ఓమ్‌లు, 2.2కె, 22కె, 47కె, 100కె, 470కె, 1 మెగా ఓమ్: ఈ పదీ ఒక్కోటి ఇరవై. మొత్తం పద్నాలుగు విలువలు, సరిగ్గా 600 రెసిస్టర్లు. పైన చూసిన వరస, సమాంతర కూడికలన్నీ వీటితోనే కుదురుతాయి. కార్బన్ ఫిల్మ్ (సీఎఫ్‌ఆర్) అడిగినా మెటల్ ఫిల్మ్ (ఎమ్‌ఎఫ్‌ఆర్) అడిగినా పనికొస్తుంది. నాయిస్ పట్టింపు ఉన్న ఆడియో పనికి ఎమ్‌ఎఫ్‌ఆర్ అడగాలి. వీటికి తోడు 1 వాటు రకంలో 100, 470 ఓమ్‌లు నాలుగేసి, 10 ఓమ్‌ల 5 వాట్ల సిమెంట్ రెసిస్టర్ ఒకటి, సరిగ్గా కుదరాల్సిన చోట తిప్పి సరిచేసుకోవడానికి 10కె ప్రీసెట్లు రెండు మూడు, ఒక మల్టీమీటర్. కోఠీలోనైనా, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనైనా, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనైనా చీటీ రాసి ఇస్తే కౌంటర్ మీదే లెక్కపెట్టి ఇస్తారు. ఊళ్లో అలాంటి దుకాణం లేనివాళ్లు ఆన్‌లైన్‌లో ఒక్కో విలువకు విడి పట్టీ తెప్పించుకోవచ్చు.

కిట్టే కొనాల్సి వస్తే, డబ్బు కట్టేముందు జాబితా చదవాలి. విలువలు, ఒక్కోటి ఎన్నో పెట్టె మీద రాయని కిట్టు తీసుకోకూడదు. ఒక్కో విలువకు 20 కన్నా తక్కువున్నది వద్దు. జాబితా ఈ-6గానీ ఈ-12గానీ మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి. 200, 220 పక్కపక్కన పెట్టి 22కె ఎగ్గొట్టినదాన్ని వదిలేయాలి. ఒక ముక్క తీసి కాలిని బ్రెడ్‌బోర్డులోకి గుచ్చి చూడాలి. తీసుకున్న రోజే 10కె, 1కె, 330 ఓమ్‌ల వంద ముక్కల పట్టీలు విడిగా కొనాలి, ఎందుకంటే కిట్టులో ముందు అయిపోయేవి అవే. ఈసారి సలహా అడిగిన జూనియర్‌కు సీనియర్ ఆ పద్నాలుగు విలువల చీటీ రాసిచ్చి, దాంతోపాటు మల్టీమీటర్ కూడా కొనమని చెప్పాలి. 600 ముక్కల కిట్టు లింకు పంపడం ఇకనైనా మానాలి.